తర్జుమాన్ – డ్రాగోమన్: ఒక మాట చేసిన ప్రయాణం

కొన్నేళ్ళ క్రితం ఒక ఆంగ్ల యాత్రా గ్రంథంలోని కొన్ని అధ్యాయాలను తెలుగులోకి తెచ్చే పని నాకు అప్పగించబడింది. గ్రంథకర్త పందొమ్మిదవ శతాబ్దంలో సిరియా, పాలస్తీనాలు తిరిగినవాడు. ఆయన వెంట గుడారాలు, కంచరగాడిదలు, వంటవాడు, వీరితోపాటు ఒక 'డ్రాగోమన్' ఉన్నట్లు ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఆ మాట నాకు కొత్త. నిఘంటువు తెరిచే ఓపిక లేక, దాని పక్కనే ఉండే 'డ్రాగూన్' అనే మాటతో దీనిని కలిపి, గుర్రమెక్కిన సిపాయి అని అర్థం చేసుకొని, 'ఆశ్వికుడు' అని రాసి పంపించాను. అచ్చయింది కూడా. నెల తిరగకుండా ఒక వృద్ధ అరబీ ఉపాధ్యాయుని వద్ద నుండి కార్డు వచ్చింది. అందులో నాలుగే ముక్కలు. ఆ ఆశ్వికుడు సిపాయి కాడనీ, మీరు మద్రసాలో మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్న 'తర్జుమాన్' అనీ, మీరు చేసే పని పేరునే మీరు గుర్తుపట్టలేకపోయారనీ ఆయన రాశారు.

ఆ కార్డు ఇప్పటికీ నా వద్ద ఉంది. సిగ్గుతో మొదలైన విచారణ కొన్నాళ్ళకు ఇష్టంగా మారింది. దాని ఫలితమే ఈ వ్యాసం.

ఆంగ్లంలో 'డ్రాగోమన్' అనగా ఒకరి మాటను మరొకరికి వారి భాషలో వినిపించేవాడు, ముఖ్యంగా అరబీ, తుర్కీ, ఫార్సీ భాషలు వ్యవహరించే దేశాలలో ఆ పని చేసేవాడు. పద్నాలుగవ శతాబ్దపు ఆంగ్లంలోనే ఇది 'డ్రోగ్‌మన్' వంటి రూపాలలో కనబడుతుంది. ఆంగ్లేయులకు ఇది నేరుగా అరబ్బుల నుండి రాలేదు. అరబ్బుల నుండి కాన్‌స్టాంటినోపుల్ గ్రీకులకు, వారి నుండి ఇటాలియన్ వర్తకులకు, ఫ్రెంచివారికి, చివరకు ఆంగ్లేయులకు చేరింది. గ్రీకుల నోట 'తర్జుమాన్' కాస్తా 'ద్రగూమనోస్' అయింది. ఈజిప్టు వాసులు జీమ్ అక్షరాన్ని 'గ'గా పలుకుతారని అరబీ తెలిసినవారందరికీ తెలుసు. గ్రీకు రూపంలోని 'గ' కూడా అటువంటి ఉచ్చారణను గుర్తుకు తెస్తుంది. అదే మాట మరొక త్రోవలో, జీమ్ మెత్తగా పలికే నోళ్ళ నుండి వెళ్ళి, ఫ్రెంచిలో 'ట్రూష్‌మాఁ' అనీ, స్పానిషులో 'త్రుహమాన్' అనీ, ఇటాలియనులో 'తుర్చిమాన్నో' అనీ స్థిరపడింది. ఈ రెండవ శాఖ నుండి కూడా ఆంగ్లేయులు 'ట్రచ్‌మన్' అనే మాటను కొంతకాలం వాడి వదిలేశారు. ఒకే అరబీ పదం ఒకే భాషలోకి రెండు ద్వారాల గుండా ప్రవేశించి, రెండు వేర్వేరు మాటలుగా బ్రతికిందన్నమాట.

ఇక్కడ ఒక వినోదం చెప్పకుండా ఉండలేను. ఈ పదం చివర ఉన్న 'మాన్' అనేది అరబీలో పదంలో భాగమే గాని విడి మాట కాదు. ఆంగ్లేయులు మాత్రం దానిని తమ భాషలోని 'మనిషి' అనుకున్నారు. అందుచేత బహువచనంలో కొందరు 'డ్రాగోమన్స్' అని రాస్తే, మరికొందరు పోలీసుమెన్ అన్నట్లుగా 'డ్రాగోమెన్' అని రాశారు. వారి నిఘంటువులు రెండింటినీ అంగీకరించాయి. తర్జుమాన్ అనే మాటను తర్జుమా చేసుకోవడంలోనే ఈ పొరపాటు జరిగిందంటే, ఆశ్వికుడు అని రాసిన నాకు కొంత ఊరట కలుగుతుంది.

అరబీ కూడా ఈ మాటకు పుట్టినిల్లు కాదు. అరబ్బుల కంటే ముందు అరమాయిక్ భాషలో 'తుర్గ్‌మానా' ఉంది. యూదుల ప్రార్థనాలయాలలో తౌరాతు హిబ్రూలో పఠించబడుతుండగా, ప్రక్కన నిలబడి దానిని సామాన్యులకు తెలిసిన అరమాయిక్‌లో వినిపించేవానిని 'మెతుర్గ్‌మాన్' అనేవారు. అలా వెలువడిన అరమాయిక్ పాఠాలకే 'తర్గూమ్'లని పేరు. ఇంకా వెనక్కు వెళితే అక్కదీ భాషలో 'తర్గుమన్ను' దొరుకుతుంది. నేటి తుర్కియేలోని కైసరీ పట్టణానికి సమీపాన కుల్‌తెపె అనే దిబ్బ ఉంది. క్రీ.పూ. పందొమ్మిదవ శతాబ్దంలో అష్షూరు వర్తకులు అక్కడ విడిది చేసి తగరం, బట్టలు అమ్మి, వెండి బంగారాలు తీసుకుపోయేవారు. వారు మట్టిపలకల మీద రాసుకున్న లెక్కలు, ఉత్తరాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ఆ పలకలలోనే ఈ పదం ఉంది. కావున దీని వయస్సు దాదాపు నాలుగు వేల సంవత్సరాలు. వర్తకం ఉన్నచోట దీని అవసరం కలగడంలో వింత లేదు.

దీని ధాతువు విషయంలో పండితులు ఏకీభవించలేదు. పిలుచుట, కేకవేయుట అనే అర్థంగల సెమిటిక్ ధాతువు ర-గ-మ దీనికి మూలమని కొందరంటారు. ఉగారిత్ పలకలలో ఇదే ధాతువు 'పలుకుట' అనే అర్థంలో ఉంది. కాదు, అనాతోలియాలోని హిత్తీల భాషలో ప్రకటించుట అనే అర్థంగల 'తర్కుమ్మాయ్' అనే క్రియ ఉంది గనుక అక్కడి నుండే అక్కదీలోకి వచ్చిందని మరికొందరంటారు. ఈ వివాదాన్ని మన అరబీ నిఘంటుకారులు తమ ధోరణిలో ఎప్పుడో చర్చించారు. జౌహరీ తన 'సిహాహ్'లో దీనిని 'ర-జ-మ' ధాతువు క్రింద చేర్చాడు. ఫీరోజాబాదీ తన 'ఖామూస్'లో దానిని త్రోసిపుచ్చి, 'తర్జమ' అనే క్రియ ఉన్నది గనుక మొదటి 'త' పదంలోనిదేననీ, పైనుండి చేరినది కాదనీ నిర్ణయించాడు. తర్జుమాన్, తుర్జుమాన్, తర్జమాన్ అని మూడు ఉచ్చారణలను కూడా ఆయన పేర్కొన్నాడు. మద్రసాలో మేము ఈ మూడింటినీ వల్లెవేసేవాళ్ళం. ఎందుకో ఎవరూ అడిగేవారు కాదు.

'రజ్మ్' అనగా రాళ్ళు రువ్వుట. దివ్య ఖురాన్ సూరయే కహఫ్ (18:22)లో గుహవాసుల సంఖ్యను గురించి జనులు చేసే ఊహాగానాలను ఈ మాటతోనే వర్ణించడం జరిగింది, అనగా చీకటిలో రాయి విసరడం. జౌహరీ నిర్ణయం శాస్త్రరీత్యా తప్పే కావచ్చు. అయినా తర్జుమా చేసేవారిలో ఎందరు చీకటిలో రాళ్ళు విసురుతున్నారో తలచుకున్నప్పుడల్లా (నేనూ ఒకటి విసిరినవాడినే గదా) ఆయన పొరపాటు నాకు పూర్తిగా పొరపాటనిపించదు.

ఇక హదీసు గ్రంథాలకు వద్దాం. ఇమామ్ బుఖారీ తన 'సహీహ్' ఆరంభంలోనే, దైవవాణి అవతరణను గురించిన ప్రకరణంలో, ఒక తర్జుమాన్‌ను మన ముందు నిలబెట్టారు. హిజ్రీ 6వ సంవత్సరంలో (క్రీ.శ. 628) హుదైబియా ఒడంబడిక జరిగింది. ఆ సంధి కాలంలో ఖురైషు నాయకుడు అబూ సుఫ్యాన్ వర్తక బృందంతో షామ్ దేశంలో ఉన్నాడు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. దైవప్రవక్త (స)కు బద్ధ విరోధి. రోము చక్రవర్తి హిరఖల్ అప్పుడు ఈలియాలో, అనగా జెరూసలేములో, విడిది చేసి ఉన్నాడు. దైవప్రవక్త (స) పంపిన లేఖను దిహ్యా కల్బీ (రజి) బుస్రా అధిపతి ద్వారా చక్రవర్తికి చేరవేశారు. ఆ లేఖ పంపిన వ్యక్తిని ఎరిగిన అరబ్బులెవరైనా ఉన్నారా అని వెదికించగా అబూ సుఫ్యాన్ బృందం దొరికింది.

దర్బారు నిండా రోమను ప్రముఖులు. చక్రవర్తి తన తర్జుమాన్‌ను పిలిపించాడు. ఆ వ్యక్తికి వంశరీత్యా మీలో ఎవరు దగ్గర అని అడిగించాడు. నేనని అబూ సుఫ్యాన్ చెప్పగా, ఆయనను ముందుకు రప్పించి, తోటివారిని ఆయన వెనుక నిలబెట్టించి, నేను ఇతనిని ప్రశ్నిస్తాను, ఇతడు అబద్ధమాడితే మీరు చెప్పండి అని తర్జుమాన్ చేత వారికి వినిపించాడు. తోటివారి ఎదుట అబద్ధీకుణ్ణనిపించుకోవలసి వస్తుందన్న సిగ్గే లేకుంటే ఆనాడు తాను అబద్ధమే చెప్పి ఉండేవాణ్ణని అబూ సుఫ్యాన్ తర్వాత కాలంలో స్వయంగా ఒప్పుకున్నారు. ఆపైన ప్రశ్నలు సాగాయి. ఆయన వంశమెటువంటిది, పూర్వీకులలో రాజులున్నారా, అనుచరులు గొప్పవారా బలహీనులా, వారి సంఖ్య పెరుగుతున్నదా తరుగుతున్నదా, ఆయన ఎన్నడైనా మాట తప్పాడా, ఆయన మీకేమి బోధిస్తున్నాడు?

ఈ సంభాషణను మనం ఎన్నోసార్లు విన్నాం. వక్తలు హిరఖల్ వివేకాన్ని మెచ్చుకుంటారు, అబూ సుఫ్యాన్ ఇరకాటాన్ని వర్ణిస్తారు. వారిద్దరి నడుమ నిలబడిన మూడవ మనిషిని గురించి ఎవరూ మాట్లాడరు. అతని పేరు కూడా హదీసులో లేదు. అడిగినవాడు ఒక భాషలో అడిగాడు, చెప్పినవాడు మరొక భాషలో చెప్పాడు. వంశాన్ని గురించిన ప్రశ్న, సత్యసంధతను గురించిన ప్రశ్న, చివరకు ఇస్లాం సందేశపు సారాంశం, అన్నీ ఆ అనామకుని నోటి గుండానే ప్రయాణం చేశాయి. అతడు రోమనుల మతానికి చెందినవాడు, చక్రవర్తి జీతగాడు. రెండు మాటలు మింగివేసినా, నాలుగు మాటలు కలిపినా ఆ సభలో పట్టుకోగలిగినవారెందరు?

ఈ ప్రశ్న మన ఫుఖహాలకు కూడా తట్టింది. అది తట్టిన తీరు చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. ఇమామ్ బుఖారీ తీర్పులకు సంబంధించిన గ్రంథభాగంలో, న్యాయాధికారి ఎదుట తర్జుమా చేయడాన్ని గురించీ, అందుకు ఒక్క తర్జుమాన్ చాలునా అనే విషయాన్ని గురించీ ప్రత్యేకంగా ఒక అధ్యాయం నెలకొల్పారు. (ఆయన అధ్యాయ శీర్షికలను కూడా 'తరాజిమ్' అనే అంటారు. జీవిత చరిత్రకు కూడా అరబీలో 'తర్జమా' అనే పేరు. ఒక మాటను, ఒక మనిషిని, ఒక గ్రంథాన్ని విప్పి చెప్పేదల్లా తర్జమాయే.) ఈ అధ్యాయంలో ఆయన హిరఖల్ వృత్తాంతాన్ని మళ్ళీ ప్రస్తావించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎదుటకు అరబీ రాని ఒక స్త్రీ వచ్చినప్పుడు ఆమె మాటను అబ్దుర్రహ్మాన్ బిన్ హాతిబ్ వివరించిన ఉదంతం కూడా ఉంది. ఇబ్నె అబ్బాస్ (రజి)కూ జనులకూ మధ్య అబూ జమ్రా తర్జుమా చేసేవారన్న సంగతి కూడా అక్కడే ఉంది.

చిక్కు ఎక్కడున్నదంటే, తర్జుమాన్ చెప్పేది 'షహాదత్' (సాక్ష్యం) అవుతుందా, కేవలం 'ఖబర్' (సమాచారం) అవుతుందా అన్న దగ్గర. సాక్ష్యమే అయితే ఇద్దరు కావాలి, సాక్షికి ఉండవలసిన అర్హతలన్నీ ఉండాలి. సమాచారమే అయితే నమ్మదగిన ఒక్కడు చాలు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ ఒక్కడు చాలన్నారు. ఇమామ్ షాఫియీ ఇద్దరు కావాలన్నారు. హనఫీలలోనే ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ కూడా ఒక్కడు చాలడన్నారు. హిరఖల్ తర్జుమాన్ ముస్లిమే కాడు గదా, అతని ఉదంతం మనకు ప్రమాణమెట్లా అవుతుందన్న ఆక్షేపణ సహజంగానే వచ్చింది. దీనికి అందలూసియాకు చెందిన ఇబ్నె బత్తాల్ (మరణం హి.శ. 449) చక్కని సమాధానం చెప్పారు. అవిశ్వాసి తర్జుమా చెల్లుతుందని నిరూపించడానికి కాదు, లోకంలోని జాతులన్నీ తర్జుమాన్ మాటను సాక్ష్యంగా కాక సమాచారంగానే స్వీకరిస్తూ వచ్చాయని చూపడానికే బుఖారీ దీనిని అక్కడ చేర్చారన్నది ఆయన వివరణ.

నాకు మాత్రం ఇద్దరు కావాలన్నవారి పక్షాన మనసు మొగ్గుతుంది. అభియుక్తునికి న్యాయస్థానపు భాష రాదు, న్యాయమూర్తికి అతని భాష రాదు. నడుమనున్నవాడు 'కొట్టాను' అన్నదానిని 'చంపాను' అని అంటే అడ్డుకునేదెవరు? ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. నలభై దాటిన ఈ వయసులో, నా అనువాదాలను మరొకరి చేత చదివించకుండా అచ్చుకు పంపడం మానుకున్నానని మాత్రం చెప్పగలను.

నమ్మకానికి సంబంధించిన ఇదే జాగ్రత్త దైవప్రవక్త (స) కాలంలోనూ కనబడుతుంది. యూదులతో నడిచే ఉత్తర ప్రత్యుత్తరాల విషయంలో పరులను నమ్మలేక, వారి లిపిని నేర్చుకొమ్మని ఆయన యువకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. పదిహేను రోజులలోనే జైద్ నేర్చుకున్నారని తిర్మిజీలో ఉంది. తర్వాత దివ్య ఖురాన్ సంకలన బాధ్యత అప్పగించబడినది కూడా ఈ జైద్‌కే. ఇబ్నె అబ్బాస్ (రజి)కు 'తర్జుమానుల్ ఖురాన్' అనే బిరుదును ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఇచ్చినట్లు ప్రసిద్ధి. అరబీని అరబీలోనే విప్పి చెప్పేవానికి కూడా ఈ పేరు తగినదని దీనివల్ల తెలుస్తుంది. అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఈ మాట మరొక చోట నిలబడుతుంది. ప్రళయ దినాన ప్రతి మనిషితోనూ అతని ప్రభువు సంభాషిస్తాడు, ఇద్దరి మధ్య తర్జుమాన్ ఎవరూ ఉండడు అన్నది దాని భావం. ఆ ఒక్క సభలో మా వృత్తివారికి పని లేదు.

అబ్బాసీయుల కాలాన్ని త్వరగా దాటిపోతాను. హునైన్ బిన్ ఇస్‌హాఖ్ మొదలైనవారిని గురించి ఈ పుటలు చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక్క సల్లామ్‌ను మాత్రం విడిచిపెట్టలేను. యాజూజ్ మాజూజ్‌ల అడ్డుగోడను చూసి రమ్మని ఖలీఫా వాసిఖ్ (పాలన క్రీ.శ. 842–847) పంపిన ఈ మనిషిని చరిత్ర 'సల్లామ్ అత్తర్జుమాన్' అనే పిలుస్తుంది. ఆయనకు ముప్ఫై భాషలు వచ్చునని చెప్పేవారు. ఆయన నోట విన్న వృత్తాంతాన్ని ఇబ్నె ఖుర్దాజ్‌బిహ్ తన భూగోళ గ్రంథంలో భద్రపరిచాడు. గోడ ఎంతవరకు నిజమో అల్లాహ్‌కే ఎరుక. దూరదేశానికి పంపవలసి వచ్చినప్పుడు ఖలీఫా యోధుణ్ణి కాక భాషలు తెలిసినవాణ్ణి ఎన్నుకోవడం గమనించదగిన సంగతి.

ఈ మాటకు నిజమైన అధికారం పట్టింది ఉస్మానీ తుర్కుల కాలంలో. ఇస్తాంబుల్ దర్బారులో 'దీవానె హుమాయూన్ తర్జుమానీ' అనే పదవి ఏర్పడింది. యూరపువారు దానిని 'మహా డ్రాగోమన్' అన్నారు. పదహారవ శతాబ్దంలో ఈ పదవిలో ఉన్నవారు ఎక్కువగా ఇస్లాం స్వీకరించిన యూరపు వాసులే. గ్రీకు దేశంలోని మోదోన్ రేవుకు చెందిన యూనుస్ బే వారిలో ముఖ్యుడు. క్రీ.శ. 1541 ప్రాంతంలో ఆయన మహాశిల్పి సినాన్ చేత ఇస్తాంబుల్‌లో ఒక మస్జిదు కట్టించాడు. ఆ మస్జిదు మూలంగా ఆ పేటకు 'ద్రామాన్' అనే పేరు వచ్చింది, నేటికీ అదే పేరు. పాఠకులు గమనించండి: తుర్కులకు 'తర్జుమాన్' అనే అరబీ మాట ఉండనే ఉంది. అయినా అరబ్బుల నుండి గ్రీకులకు, ఇటాలియనులకు పోయి వేషం మార్చుకున్న 'డ్రాగోమన్' తిరిగివచ్చి, ఒక మస్జిదుకూ దాని చుట్టూ ఉన్న వీధులకూ పేరుగా నిలిచిపోయింది. పుట్టింటివారు గుర్తుపట్టని ఆడపడుచు వంటిది ఈ మాట.

యూనుస్ తర్వాతి తరంవాడైన మురాద్ బే హంగరీ దేశస్థుడు. క్రీ.శ. 1526 నాటి మొహాచ్ యుద్ధంలో చిన్నవయసులో బందీ అయ్యాడు. ఇస్లాం స్వీకరించి, ఇస్లాం బోధలను గురించి తుర్కీలో ఒక గ్రంథం రాసి, దానికి తానే లాటిను పాఠం చేర్చాడు. పదిహేడవ శతాబ్దంలో పోలండు నుండి బందీగా వచ్చిన అలీ ఉఫ్కీ రాజప్రాసాదంలో గాయకుడుగా, తర్జుమాన్‌గా ఉంటూ తుర్కీ గీతాలను పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టాడు, బైబిలును తుర్కీలోకి అనువదించాడు. రెండు వైపులవారూ ఇటువంటివారిని పూర్తిగా తమవారనుకోలేదు. ఆ బాధ వారి జీవితాలలో కనబడుతూనే ఉంటుంది.

1661లో పనయోతిస్ నికూసియోస్ అనే గ్రీకు క్రైస్తవుడు మహా డ్రాగోమన్ అయ్యాడు. అప్పటి నుండి ఆ పదవి ఇస్తాంబుల్‌లోని ఫనార్ పేట గ్రీకు కుటుంబాల వశమైంది. ఆయన తర్వాత 1673లో వచ్చిన అలెగ్జాండర్ మావ్రోకొర్దాతోస్ ఇటలీలో వైద్యం చదివినవాడు. 1699 నాటి కార్లోవిట్జ్ సంధిలో ఆయన కేవలం నోరుగా కాక సుల్తాను ప్రతినిధులలో ఒకడుగా కూర్చున్నాడు. ఆ కుటుంబాలవారే పద్దెనిమిదవ శతాబ్దంలో మోల్దావియా, వలాకియా రాజ్యాలకు పాలకులుగా పంపబడ్డారు. మాటను మోసేవాడు రాజయ్యాడు. అయితే ఆ ఎత్తు ఎంత ప్రమాదకరమైనదో 1821లో తేలింది. గ్రీకుల తిరుగుబాటు చెలరేగగానే అప్పటి మహా డ్రాగోమన్ కాన్‌స్టాంటిన్ మురూజిస్ శిరస్సు తెగిపడింది. ఆయన తర్వాత వచ్చిన గ్రీకు కూడా ఎక్కువకాలం నిలవలేదు. పదవి ముస్లిముల చేతికి వచ్చింది, దాని వెంట 'తర్జుమె ఒదసీ' అనే అనువాద కార్యాలయం ఏర్పడింది. శతాబ్దాలుగా ఇతరుల నోటితో యూరపుతో మాట్లాడిన రాజ్యం, ఫ్రెంచి చదివిన తన బిడ్డల నోటితో మాట్లాడడం అప్పుడు మొదలుపెట్టింది. తర్వాత తంజీమాత్ సంస్కరణలను నడిపిన ఆలీ పాషా, ఫుఆద్ పాషాలు, కవి నామిఖ్ కెమాల్ ఆ కార్యాలయంలో పనిచేసినవారే.

అవతలి ఒడ్డున యూరపువారిది కూడా ఇదే గొడవ. వారి రాయబారులకు తుర్కీ రాదు. ఇస్తాంబుల్‌లోని పేరా పేట కథోలిక కుటుంబాలవారే తరతరాలుగా వారికి డ్రాగోమన్లు. సుల్తాను ప్రజలైన వారికి ఇల్లూ వాకిలీ అక్కడే. రాయబారి కటువుగా మాట్లాడితే వజీరు కోపం ముందుగా తగిలేది వారికే. కావున కటువైన మాటలను మెత్తబరిచి చెప్పడం వారికి అలవాటు. ఈ బెడద వదిలించుకోవడానికి వెనీసువారు 1551లో తమ పిల్లలనే ఇస్తాంబుల్‌లో ఉంచి భాష నేర్పించే ఏర్పాటు చేశారు. 'భాషా బాలురు' అని వారి పేరు. ఫ్రాన్సు మంత్రి కోల్బెర్ 1669లో ఆ మార్గాన్నే అనుసరించాడు. ఆస్ట్రియా 1754లో వియన్నాలో ప్రాచ్యభాషల విద్యాలయం నెలకొల్పింది. జైద్ బిన్ సాబిత్ (రజి)కు ఇవ్వబడిన ఆదేశానికి, ఈ రాజ్యాలు తొమ్మిది నుండి పదకొండు శతాబ్దాల తర్వాత చేసుకున్న ఏర్పాట్లకు కారణం ఒక్కటే. వియన్నా విద్యాలయంలో తయారైన హామ్మర్ 1812–13లో హాఫిజ్ దీవానును జర్మనులోకి తెచ్చాడు. అది చదివే గోథే తన 'పశ్చిమ ప్రాచ్య దీవాను' రాశాడు. రాయబారం కోసం పెట్టిన బడి నుండి ఒక్కొక్కప్పుడు కవిత్వం వెలువడుతుంది!

కాని అనువాదం నుండి యుద్ధాలు కూడా వెలువడతాయి. 1774లో రష్యాకూ ఉస్మానీలకూ కుచుక్ కైనార్జా సంధి జరిగింది. పాఠాలు రష్యను, తుర్కీ, ఇటాలియను భాషలలో రాయబడ్డాయి. ఇస్తాంబుల్‌లో కట్టబోయే ఒక్క చర్చి విషయమై రష్యాకు మాట్లాడే హక్కు ఇచ్చామని తుర్కులు, ఉస్మానీ రాజ్యంలోని సనాతన క్రైస్తవులందరిపైనా రక్షణాధికారం లభించిందని రష్యనులు చెప్పుకున్నారు. ఆ వాదనను పట్టుకునే 1853లో రష్యా దూత ఇస్తాంబుల్ వచ్చి పట్టుబట్టాడు. తర్వాత జరిగినది క్రిమియా యుద్ధం. దానికి కారణాలు ఇంకా ఉన్నాయి. కాని వివాదానికి ఆధారంగా బల్లమీద పరచబడినది ఆ పాత సంధి పత్రమే.

ఆవిరి ఓడలు వచ్చాక డ్రాగోమన్ బ్రతుకు మారిపోయింది. యాత్రికులు గుంపులుగా ఈజిప్టుకు, పాలస్తీనాకు రాసాగారు. వారి గుడారాలు వేయించి, గాడిదలు మాట్లాడి, శిథిలాలు చూపించి, బేరాలు కుదిర్చేవానికి కూడా అదే పేరు అంటుకుంది. 1869లో అచ్చయిన మార్క్ ట్వేన్ యాత్రా గ్రంథంలోని డ్రాగోమన్లు ఈ తెగవారే, నేను ఆశ్వికుణ్ణి చేసినవాడూ ఈ తెగవాడే. 1923 నాటి లొజాన్ సంధితో విదేశీయుల ప్రత్యేక హక్కులు అంతరించాయి, రాయబార కార్యాలయాలలోని డ్రాగోమన్ పదవి కూడా వాటితోపాటే పోయింది. ఇప్పుడు ఆంగ్లంలో ఆ మాట చరిత్ర పుస్తకాలకే పరిమితం.

మన దేశంలో ఈ పనికి వేరొక మాట పుట్టింది. మచిలీపట్నం, మద్రాసు రేవులలో కుంఫిణీవారి నోటికి నోరుగా ఉన్నవాడు 'దుబాసీ', అనగా రెండు భాషలవాడు. మద్రాసు తొలిదినాల దుబాసీలలో బేరి తిమ్మన్న పేరు చెబుతారు. పుదుచ్చేరిలో డూప్లేకు దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై దినచర్య చరిత్రకారులకు నేటికీ గని. పేరాలోని డ్రాగోమన్ల వలెనే వీరూ వర్తకం చేశారు, పలుకుబడి సంపాదించారు, నిందలు మోశారు. కాని అరబీ మాట మనలను విడిచిపెట్టలేదు. కచేరీ భాషలో ఫార్సీ ద్వారా 'తర్జుమా' తెలుగులోకి వచ్చి, ముస్లిములకే గాక అందరికీ ఇంటిమాటయింది. హైదరాబాదులో 1917లో స్థాపించబడిన 'దారుత్తర్జుమా' ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం వైద్యం, గణితం, న్యాయశాస్త్రం, చరిత్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. పారిభాషిక పదాల కోసం అక్కడి పండితులు ఎంత పెనుగులాడారో వహీదుద్దీన్ సలీమ్ 1921లో వెలువరించిన 'వజ్‌యె ఇస్తిలాహాత్' చూస్తే తెలుస్తుంది. అరబీ ధాతువుల నుండి తీయాలా, ఉర్దూలోని దేశీ పదాలతో కూర్చాలా అన్న తగవు వారిది. తెలుగులో రాసే మనకు అదే తగవు సంస్కృతంతో ఉంది, ఇంకా తేలలేదు.

ఆ యాత్రా గ్రంథం రెండవసారి అచ్చుకు వెళ్ళినప్పుడు దిద్దుకునే అవకాశం దొరికింది. 'ఆశ్వికుడు' ఉన్న చోటల్లా కొట్టివేశాను. 'దుబాసీ' అని పెడదామా అనుకున్నాను గాని, తెలుగులో ఆ మాటకు దళారీ వాసన ఎక్కువైంది. 'ద్విభాషి' అంటే పుస్తకపు మాట. చివరకు 'తర్జుమాన్' అనే రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఆ పుటలను కార్డు రాసిన ఉపాధ్యాయునికి పంపించాను. ఆయన మరో రెండు తప్పులు పట్టి పంపారు.